ఇంట్లో ఎవరూ ఆడరు అనుకుంటే ముందు స్పైడర్‌మ్యాన్ 2 కొనండి

మీరు అడిగింది ఇది: "నా దగ్గర సోనీ గేము కన్సోల్ పీఎస్5 ఉంది, నింటెండో వాళ్ల కన్సోల్ స్విచ్ కూడా కొనే ఆలోచన ఉంది. 2023 చివర్లో వరసపెట్టి వచ్చిన గేముల్లో ఒక్కటీ ఆడలేకపోయాను. వాటిలో ఇప్పుడు ఏవి కొనొచ్చు? ఇంట్లో నేను తప్ప ఎవరూ ఆడరు."

మీ ఆఖరి వాక్యం దగ్గరే ఆగిపోయాను. నేనూ సరిగ్గా అదే మాట అనుకుంటూ ఉండేవాణ్ణి. మాది తిరుపతి, కొర్లగుంట. ఇంట్లో అమ్మ, నేను. అమ్మ దృష్టిలో కంట్రోలర్ అంటే నేను అన్నం చల్లారబెట్టుకోవడానికి కొనుక్కున్న వస్తువు. ఆ అభిప్రాయం మారింది 2023 దసరాకి. అందుకే ఆ సీజన్ గురించి ఎవరడిగినా నేను మార్కులు, రివ్యూలు చెప్పను. ఆ నాలుగు రోజుల సంగతే చెబుతాను.

ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చింది. అధికమాసం వస్తే తిరుమలలో బ్రహ్మోత్సవాలు రెండు సార్లు జరుగుతాయి. సెప్టెంబర్‌లో సాలకట్ల, అక్టోబర్ 15 నుంచి 23 దాకా నవరాత్రి. గేముల పరిస్థితీ అలాగే ఉంది. సెప్టెంబర్ 6న బాల్డర్స్ గేట్ 3 పీఎస్5కి వచ్చింది. అక్టోబర్ 5న అస్సాసిన్స్ క్రీడ్ మిరాజ్. అక్టోబర్ 20న ఒకే రోజు స్పైడర్‌మ్యాన్ 2, సూపర్ మారియో బ్రదర్స్ వండర్. వారం తిరక్కుండానే 27న ఆలన్ వేక్ 2. జీతం ఒకటే, గేములు అయిదు. నేను స్పైడర్‌మ్యాన్ డిస్క్ ముందే బుక్ చేసుకున్నాను, 4,999 రూపాయలు.

19న గరుడ సేవ. మా చిన్నమ్మ వాళ్లు పూతలపట్టు దగ్గర పల్లె నుంచి వచ్చారు. గరుడ సేవకి ఘాట్ రోడ్డు మీద బైకులు వదలరు కాబట్టి అందరం అలిపిరిలో బస్సెక్కాం. మధ్యాహ్నం నుంచి మాడ వీధి గ్యాలరీలో కూర్చుంటే స్వామి వాహనం మా ముందుకి వచ్చేసరికి రాత్రయింది. కిందికి దిగి ఇల్లు చేరేసరికి తెల్లవారుజాము. 20న పొద్దున అందరం ఒళ్లు తెలియకుండా నిద్రపోతుంటే కొరియర్ అతను వచ్చి, రెండుసార్లు ఫోన్ చేసి, "ఇంట్లో ఎవరూ లేరు" అని రాసుకుని వెళ్లిపోయాడు. తలుపు ఒక్కసారి కూడా తట్టలేదు. తలుపు తట్టడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే కదా! మర్నాడు శనివారం నేనే బండి వేసుకుని వాళ్ల ఆఫీసుకి పోయి, గంట నిలబడి తెచ్చుకున్నాను. తెచ్చాక మళ్లీ డిస్క్ నుంచి ఇన్‌స్టాల్, దాని పైన అప్‌డేట్ డౌన్‌లోడ్. ఆ గేము వంద జీబీ దాకా చోటు తీసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయింది. డిస్క్ కొన్న మనిషి డిస్క్ పెట్టగానే ఆడుకోగలగాలి అని నేను ఎప్పటికీ వాదిస్తాను.

చిన్నమ్మ కొడుక్కి అప్పుడు పంతొమ్మిదేళ్లు. వాడికి పుట్టినప్పటి నుంచి వినపడదు. తిరుపతిలో టీటీడీ నడిపే బధిరుల పాఠశాలలో చదువుకున్నాడు. చిత్తూరులో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైన్లు చేస్తాడు. ఫోటోషాప్‌లో వాడి చెయ్యి చూస్తే మీరు లేచి నిలబడతారు. ఊళ్లో కొంతమంది ఇంకా వాణ్ణి పేరుతో పిలవరు, "ఆ మూగబ్బాయి" అంటారు. వాడు మూగ కాదు, మనకి వాడి భాష రాదు, అంతే. ఈ మాట ఇక్కడ చెప్పకుండా ముందుకి పోలేను.

శనివారం సాయంత్రం నేను ఆట మొదలుపెట్టాను. మొదలే శాండ్‌మ్యాన్‌తో యుద్ధం. మేడలంత ఎత్తు ఇసుక మనిషి న్యూయార్క్ వీధుల్లో విరుచుకుపడుతుంటే పీటర్ పార్కర్, మైల్స్ మొరాలెస్ అనే ఇద్దరు స్పైడర్‌మ్యాన్లూ కలిసి ఆపుతారు. చిన్నమ్మ పల్లె నుంచి పచ్చి చెనక్కాయలు తెచ్చింది. అమ్మ వాటిని ఉడకబెట్టి తెచ్చి, ఒలుచుకుంటూ నా వెనక కూర్చుంది. "ఏందిరా అది, ఆ ఇసుకాయనకి ఏం కోపం?" అంది. ఆయన భయపడి అలా చేశాడని, ఎవరో వేటగాళ్లు తరుముతున్నారని, ఆయనకొక కూతురు ఉందని తర్వాత ఊళ్లో అక్కడక్కడా దొరికే ఇసుక స్ఫటికాల్లో తెలుస్తుంది. అవన్నీ వెతికేదాకా అమ్మ నన్ను అసలు కథలోకి పోనివ్వలేదు. "ముందు ఆ పాప సంగతి చూడు" అని పట్టుబట్టింది. మీ ఇంట్లో ఆడేవాళ్లు లేరు అన్నారు కదా, ఇలాంటి వాళ్లని మీరు లెక్కలో వేసుకోలేదు.

తమ్ముడు మాత్రం కాసేపు చూసి, ఫోన్ తీసుకుని మూలకి పోయాడు. వాడికి టీవీ అలవాటు తక్కువ. సబ్‌టైటిల్స్ ఉన్నా అక్షరాలు చిన్నవి, ఇంగ్లీషులో గబగబా మారిపోతాయి. (తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టిన పెద్ద కన్సోల్ గేము నేను ఇంతవరకూ చూడలేదు. కోట్ల మంది మాట్లాడే భాష. మన సినిమాలు ప్రపంచమంతా ఆడుతున్నాయి, గేముల్లో మాత్రం మన అక్షరం ఒక్కటి కనపడదు. దీని గురించి మనవాళ్లు గట్టిగా అడగాలి.) నేను సెట్టింగ్స్‌లోకి పోయి అక్షరాలు పెద్దవి చేశాను. వాడి చేతికి కంట్రోలర్ ఇచ్చాను. వల పట్టుకుని ఊగుతుంటే ట్రిగ్గర్ వేలి కింద బిగుసుకుంటుంది. దెబ్బ పడితే ఎడమ చేతిలో ఒక రకంగా, కుడి చేతిలో ఇంకో రకంగా అదురుతుంది. వాడు ఒక్కసారి కంట్రోలర్ కేసి, ఒక్కసారి నా కేసి చూశాడు. మధ్య రెండు వేళ్లు మడిచి, మణికట్టు ముందుకి చాచాడు. అప్పటి నుంచి మా ఇంట్లో స్పైడర్‌మ్యాన్ పేరు అదే. ఆ రాత్రి రెండింటి దాకా కంట్రోలర్ నా చేతికి రాలేదు.

ఆదివారం రాత్రి అసలు సంగతి జరిగింది. ఈ గేములో హేలీ అని ఒక అమ్మాయి ఉంటుంది. మైల్స్ స్నేహితురాలు, న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో గోడల మీద బొమ్మలు వేస్తుంది. ఆమెకి వినపడదు. ఆ పాత్ర చేసిన నటి నటాషా ఒఫిలికి కూడా నిజంగా వినపడదు. ఒక చిన్న మిషన్‌లో మనం స్పైడర్‌మ్యాన్‌గా కాక హేలీగా ఆడాలి. అది ఎప్పుడు వస్తుందో నాకు తెలియదు, కథ మధ్యలో హఠాత్తుగా వచ్చింది. అప్పుడు కంట్రోలర్ తమ్ముడి చేతిలోనే ఉంది.

ఆ మిషన్ మొదలవగానే టీవీలో శబ్దం పడిపోయింది. కార్లు, జనం, సంగీతం, అన్నీ నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు అయిపోయాయి. వంటింట్లోంచి అమ్మ "టీవీ పాడయిందా ఏమిరా?" అని కేక వేసింది. చిన్నమ్మ రిమోట్ తీసుకుని సౌండ్ పెంచబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. తెర మీద హేలీ సైగలతో మాట్లాడుతోంది, సైగలు కుదరని చోట చిన్న చిన్న బొమ్మలతో చెబుతోంది. తమ్ముడికి శబ్దం పోయిందని తెలియదు కదా. వాడికి కనిపించింది ఆమె చేతులు మాత్రమే. ఆట ఆపకుండా కాసేపు చూశాడు. తర్వాత కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని, తెర కేసి చూపించి, తన చెవి మీద వేలు పెట్టి, నన్ను కళ్లతో అడిగాడు.

అవునని తలూపాను. నా చెవులు రెండూ మూసుకుని చూపించి, టీవీ కేసి చూపించాను. ఇప్పుడు మాకూ వినపడటం లేదు అని. వాడికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. వెంటనే లేచిపోయి వాళ్ల అమ్మని భుజం పట్టుకుని లాక్కొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చిన్నమ్మ ఆ కొద్ది నిమిషాలూ రెప్ప వెయ్యలేదు. పంతొమ్మిదేళ్లు పెంచిన తల్లి. "వీడికి ఇట్లే ఉంటాదా?" అని నన్ను ఒక్కసారి అడిగింది, అంతే. నాకు జవాబు రాలేదు. వాడికి ఆ కొంచెం శబ్దం కూడా లేదు.

ఇంకొకటి చెప్పాలి. హేలీ చేసేవి అమెరికా సైగలు. మనవి వేరు. ఆమె మాటలు వాడికి దాదాపు ఏవీ తెలియలేదు. అయినా ఆమె స్ప్రే డబ్బా పట్టుకునే తీరు, గోడకి దూరంగా నిలబడి బొమ్మని చూసుకునే తీరు వాడికి తెలుసు, వాడిదీ రంగుల పనే. మర్నాడు చక్రస్నానం అయ్యాక చిత్తూరు పోయి, ఆ వారమే షాపు వెనక గోడ మీద వాడు మొదటి బొమ్మ వేశాడు. యజమాని ముందు తిట్టి, తర్వాత షాపు పేరు కూడా రాయమన్నాడట.

అందుకే నా మాట వినండి, స్పైడర్‌మ్యాన్ 2 మొదట కొనండి. దీన్ని మించిన గేములు ఆ ఏడాది వచ్చాయని చాలామంది అంటారు. డిసెంబర్‌లో గేమ్ అవార్డుల్లో ఆ ఏడాది ఉత్తమ గేము బిరుదు బాల్డర్స్ గేట్ 3కి పోయింది. బెల్జియం వాళ్లు చేసిన గేము అది, గొప్పది, కాదనను. పీఎస్5లో తెర రెండుగా చీల్చి ఇద్దరు పక్కపక్కనే ఆడొచ్చు. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్‌కి ఆలస్యంగా రావడానికి కారణమే ఆ చీల్చిన తెర, చిన్న మోడల్ మీద అది నడవలేదు. కానీ అది చదువుకునే ఆట, పుస్తకాలకి పుస్తకాలు ఇంగ్లీషు. మీకు ఓపిక, పక్కన ఇంగ్లీషు బాగా వచ్చిన స్నేహితుడు ఉంటే రెండోది అది కొనండి.

ఆలన్ వేక్ 2 ఫిన్లాండ్ వాళ్లది. భయం, చీకటి, అడవి, మధ్యలో పాటలతో ఒక స్టేజి షో లాంటి భాగం వస్తుంది, అలాంటిది నేను ఇంకెక్కడా చూడలేదు. ఒంటరిగా రాత్రి ఆడేవాళ్లకి మొదటి స్థానం దానిదే. నా బాధల్లా అది మొదట్లో డిస్క్‌గా రాకపోవడం. డిస్క్ 2024 అక్టోబర్‌లో వచ్చింది. తిరుపతిలో మేము అయిదారుగురం డిస్కులు మార్చుకుని ఆడతాం, నెలకి ఒక్కరు కొంటే అందరికీ ఆట. డౌన్‌లోడ్ గేముని చేతులు మార్చుకోలేం. మీరు కొంటే డిస్కే కొనండి. అస్సాసిన్స్ క్రీడ్ మిరాజ్ కథ జరిగేది పాతకాలపు బాగ్దాద్‌లో, ఆ నగరం కోసం ఆడొచ్చు, ధర బాగా తగ్గినప్పుడు చూడండి.

స్విచ్ విషయం. మనదేశంలో నింటెండో నేరుగా అమ్మదు, బయటి నుంచి తెచ్చినవే దొరుకుతాయి, కాబట్టి వారంటీ మాట మరిచిపోయి నమ్మకమైన చోట కొనండి. నాది దుబాయ్ నుంచి వచ్చిన మామ తెచ్చాడు. కొంటే మాత్రం మారియో వండర్ తప్పనిసరి. నలుగురు ఒకే సోఫాలో ఆడొచ్చు, ఒకరికొకరు తగిలి పడిపోరు. కొత్తవాళ్లకి యోషీ అనే డైనోసార్ పాత్ర ఇవ్వండి, శత్రువులు తగిలినా దెబ్బ తగలదు. ఆటలో దొరికే వండర్ పువ్వు ముట్టుకోగానే పైపులు పురుగుల్లా పాకుతాయి, మొక్కలు బయటికొచ్చి పాడుతూ కవాతు చేస్తాయి. ఆ పాట తమ్ముడికి వినపడదు, అయినా మొక్కల అడుగులు చూసి తాళం వేస్తాడు. అమ్మ పచ్చ యోషీ. గోతులు దాటేటప్పుడు ఇప్పటికీ "బిన్నా రా, బిన్నా రా" అని మమ్మల్నే తొందరపెడుతుంది.

రెండో గేము కొనే ముందు రెండో కంట్రోలర్ కొనండి. పీఎస్5 సెట్టింగ్స్‌లో యాక్సెసరీస్, కంట్రోలర్స్‌లోకి పోయి వైబ్రేషన్, ట్రిగ్గర్ రెండూ బాగా బలంగా ఉండేట్టు పెట్టండి. బ్యాటరీ త్వరగా అయిపోతుందని తగ్గించమని కొందరు చెబుతారు. తగ్గించకండి, వైరు తగిలించి ఆడండి.