అమెరికా అలవాట్లతో ఇంగ్లాండ్ వెళ్తే అక్కడి శరత్కాలం ఎలా గడుస్తుంది?

మీరు అడిగింది ఇదీ: టెక్సాస్‌లో స్థిరపడ్డ అమెరికా పౌరులు, ఉద్యోగం మారి సెప్టెంబరులో కుటుంబంతో ఇంగ్లాండ్ వెళ్తున్నారు, అక్కడ ఫాల్ సీజన్ ఎలా ఉంటుంది, చలికి తట్టుకోగలమా అని. మాదీ దాదాపు అదే దారి. వరంగల్ నుంచి డాలస్, అక్కడే చాలా ఏళ్లు, సిటిజన్‌షిప్ కూడా అక్కడే, తర్వాత ఆఫీసు వాళ్లు ఉత్తర ఇంగ్లాండ్‌లోని లీడ్స్‌కి పంపారు.

చలి గురించి టెన్షన్ పడకండి. అక్టోబరులో పగలు పదమూడు పద్నాలుగు డిగ్రీలు, నవంబరులో తొమ్మిది పది. ఇక్కడి నుంచి సెల్సియస్‌లోనే ఆలోచించడం మొదలుపెట్టండి, మనకు చిన్నప్పటి నుంచి తెలిసిందే కదా. డాలస్‌లో ఒక్కోసారి జనవరిలో కొట్టే చలిగాలి ఇంతకన్నా ఘోరం. ఇక్కడ మనిషిని నీరసపెట్టేవి రెండే, చీకటి, చెమ్మ. వీటికి సిద్ధమై వస్తే మిగతాదంతా ఇట్టే అలవాటవుతుంది.

చీకటి సంగతి మ్యాపు చూస్తే తెలుస్తుంది. అమెరికా, కెనడా సరిహద్దు పడమటి వైపు చాలావరకు 49 డిగ్రీల అక్షాంశం మీద ఉంటుంది, లండన్ దానికి పైన 51.5 దగ్గర, లీడ్స్ ఇంకా పైకి, దాదాపు 54 దగ్గర ఉన్నాయి. అంటే సియాటిల్ వాళ్లు కూడా మనకంటే దక్షిణాన ఉన్నట్టే. సెప్టెంబరులో ఏమీ తెలియదు, సాయంత్రం ఏడింటికి కూడా వెలుతురు ఉంటుంది, మీరు కూడా బాగానే ఉందే అనుకుంటారు. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు చూడండి, అక్కడ పడుతుంది దెబ్బ. శనివారం ఐదూ నలభై దాటాక పోయిన పొద్దు ఆదివారం నాలుగూ నలభైకే పోతుంది. నవంబరు నెలాఖరుకి లీడ్స్‌లో నాలుగు కూడా కాదు. డాలస్‌లో ఏడాది మొత్తంలో ఎంత తొందరగా పొద్దుగూకినా ఐదూ ఇరవై అవుతుంది. ఓ ఆదివారం మధ్యాహ్నం మా అమ్మకు వీడియో కాల్ చేస్తే, నా వెనక కిటికీ చూసి, "ఏంది బిడ్డా, నాకూ రాత్రే, నీకూ రాత్రేనా?" అంది. ఇక్కడ మూడూ ముప్పావు, వరంగల్‌లో తొమ్మిదింబావు.

దీనికి మందు ఒక్కటే, మధ్యాహ్నం భోజనం టైములో బయటికి వెళ్లడం. ముసురు పట్టినా సరే, ఓ అరగంట తిరిగి రండి. ఇక్కడివాళ్లు అదే చేస్తారు. వాన ఆగాక వెళ్దాం అనుకుంటే డిసెంబరు వస్తుంది. గొడుగు మీద డబ్బు తగలేయకండి, గాలికి తిరగబడుతుంది, టోపీ ఉన్న మంచి వాటర్‌ప్రూఫ్ కోటు కొనుక్కోండి. పిల్లలకు రబ్బరు బూట్లు తప్పనిసరి.

ఇక చెమ్మ. దీని గురించి నాకు ఎవరూ ముందు చెప్పలేదు, అందుకే మీకు కాస్త వివరంగా చెప్తాను. టెక్సాస్ ఇళ్లలో సెంట్రల్ ఏసీ, బట్టలకి డ్రైయర్, అన్నీ గోడల వెనక ఎక్కడో నడిచిపోతాయి. ఇక్కడ మేం అద్దెకు తీసుకున్న ఇల్లు వందేళ్ల పైబడిన ఇటుకల ఇల్లు, రెండు పక్కలా గోడకు గోడ ఆనుకుని ఇళ్లు. వాషింగ్ మెషీన్ వంటింట్లోనే, స్టవ్ పక్కన. డ్రైయర్ లేదు. దండెం స్టాండు మీద ఆరేస్తే రెండో రోజుకి కూడా జీన్స్ తడిగానే ఉంటాయి, పైగా మనం పోపు పెట్టిన వాసనంతా వాటికే పట్టేస్తుంది (ఆఫీసుకి ఇంగువ వాసనతో వెళ్లడం ఎలా ఉంటుందో మీ ఊహకే వదిలేస్తున్నా). ఆ బట్టల నీళ్లు, వంట ఆవిరి, స్నానాల ఆవిరి అంతా ఎక్కడికి పోతుంది? పొద్దున్నే లేచి చూస్తే కిటికీ అద్దాల మీద లోపలి వైపు నీళ్లు కారుతూ ఉంటాయి, కింద చెక్క ఫ్రేము మూలల్లో నల్లటి బూజు చుక్కలు. ఇంటి ఏజెంట్‌కి ఫోటోలు పంపితే, కిటికీలు తెరిచి పెట్టుకోండి అని జవాబు. నవంబరులో! కోపం వచ్చింది కానీ నిజం చెప్పాలంటే ఆ సలహాలో సగం సరైనదే. పొద్దున ఓ పది నిమిషాలు ఎదురెదురు కిటికీలు తీసి గాలి ఆడనిచ్చి మళ్లీ మూసేస్తే ఇల్లు చల్లబడదు, చెమ్మ మాత్రం చాలావరకు పోతుంది. మిగతా సగానికి గాలిలో చెమ్మ లాగేసే డీహ్యూమిడిఫయర్ కొనుక్కోవాలి. రాత్రి బట్టల స్టాండు ఉన్న గదిలో దాన్ని పెట్టి తలుపేస్తే తెల్లారేసరికి బట్టలు ఆరి ఉంటాయి, దాని డబ్బాలో లీటరో రెండు లీటర్లో నీళ్లు ఉంటాయి. ఆ నీళ్లు సింకులో పారబోస్తుంటే కలిగే తృప్తి ఇక్కడ చలికాలం గడిపినవాళ్లకే తెలుస్తుంది. అక్టోబరు దాకా ఆగకుండా సెప్టెంబరులోనే కొనండి.

హీటింగ్ కూడా వేరుగా ఉంటుంది. వేడిగాలి రాదు, గ్యాస్ బాయిలర్ నుంచి వేడినీళ్లు పైపుల్లో రేడియేటర్లకు వెళ్తాయి. సీజన్ మొదట్లో ఆన్ చేసినప్పుడు రేడియేటర్ కింద వేడిగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరిందని అర్థం. దానికి ఒక చిన్న ఇత్తడి తాళంచెవి దొరుకుతుంది, హార్డ్‌వేర్ షాపులో ఒకటి రెండు పౌండ్లు. హీటింగ్ ఆపేసి, రేడియేటర్ చల్లారాక, పై మూలలో ఉన్న చిన్న మేకు లాంటి దాన్ని ఆ తాళంచెవితో మెల్లగా తిప్పితే బుస్సుమని గాలి పోతుంది. నీటి చుక్క కనపడగానే బిగించేయాలి, కింద పాత గుడ్డ పట్టుకోవడం మరిచిపోకండి, వచ్చే నీళ్లు నల్లగా ఉంటాయి. తర్వాత బాయిలర్ ప్రెషర్ ఒకటి, ఒకటిన్నర బార్ మధ్య ఉందో లేదో చూసుకోండి. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడే ఎనర్జీ సర్టిఫికెట్ (ఇంటికి కరెంటు, గ్యాస్ ఎంత పొదుపుగా సరిపోతాయో చెప్పేది) రేటింగ్ అడగండి, అద్దె ఇంటికి కనీసం 'E' గ్రేడు ఉండాలన్నది రూలు, కానీ మీరు 'C' గ్రేడు ఉన్నది చూసుకుంటే గ్యాస్ బిల్లు దగ్గర హాయిగా ఉంటారు. డాలస్‌లో లాగా ఇల్లంతా రోజంతా 72 ఫారన్‌హీట్ పెట్టి టీషర్టులో తిరుగుతాం అంటే మాత్రం బిల్లు చూసి ఏడవాల్సిందే. స్వెటర్ వేసుకోండి, హీటింగ్ పొద్దున రెండు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు నడిపితే చాలు.

పండగలు, సెలవుల విషయంలో మీకు కొంచెం దిగులు పట్టొచ్చు. ఆగస్టు చివరి సోమవారం తర్వాత ఇంగ్లాండ్‌లో మళ్లీ ప్రభుత్వ సెలవు క్రిస్మస్‌కే. నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ నాడు ఇక్కడ అందరూ మామూలుగా ఆఫీసులో ఉంటారు, ఎవరికీ గుర్తుండదు. మర్నాడు బ్లాక్ ఫ్రైడే అమ్మకాలు మాత్రం ఉంటాయి, ముందు పండగ లేకుండా సేల్ ఒక్కటే దిగుమతి చేసుకున్నారన్నమాట. నిండు టర్కీ కోడి ఇక్కడ క్రిస్మస్‌కే ఎక్కువగా వస్తుంది, నవంబరులో కావాలంటే మాంసం కొట్టు వాడికి ముందే చెప్పుకోవాలి. మేం ఆ గోల పెట్టుకోవడం మానేశాం. ఆ శనివారం స్నేహితుల్ని పిలిచి నాటుకోడి పులుసు, గారెలు చేసుకుంటాం, పిల్లలు దాన్నే థాంక్స్‌గివింగ్ అంటున్నారు. డాలస్ ఫుట్‌బాల్ టీమ్ కౌబాయ్స్ మ్యాచ్ ఆ పండగ నాడు చూసే అలవాటుంటే అది ఇక్కడ గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి మొదలవుతుంది, అర్ధరాత్రి దాటుతుంది, శుక్రవారం సెలవు పెట్టుకోండి. సెలవులకు కొదవ లేదు లెండి, ఫుల్‌టైమ్ వాళ్లకు బ్యాంకు సెలవులు కలుపుకుని ఏడాదికి కనీసం 28 రోజులు చట్టప్రకారమే ఇవ్వాలి. అమెరికాలో పనిచేసి వచ్చినవాళ్లకు అది నమ్మబుద్ధి కాదు.

టపాసుల దగ్గర మాత్రం మన పంట పండింది. నవంబరు 5న ఇక్కడ ఊరూరా పెద్ద మంటలు వేసి బాణసంచా కాలుస్తారు. 1605లో పార్లమెంటును మందుగుండుతో పేల్చేయాలని చూసిన కుట్ర పట్టుబడింది, ఆ జ్ఞాపకం. మామూలు రోజుల్లో రాత్రి పదకొండు తర్వాత కాల్చకూడదు, ఆ రోజు అర్ధరాత్రి వరకు వదులుతారు, దీపావళికి ఏకంగా ఒంటిగంట వరకు! చట్టంలోనే దీపావళి పేరు రాసి ఉంది. డాలస్ చుట్టుపక్కల చాలా ఊళ్లలో మతాబు వెలిగించాలన్నా భయపడాలి కదా. 2024లో ఇంకా తమాషా, దీపావళి, హాలోవీన్ ఒకే రోజు పడ్డాయి, నవంబరు 5 నాడే అమెరికా ఎన్నికలు. ఆ వారమంతా బయట ఢాం ఢాం అంటూనే ఉంది, ఎన్నికల రాత్రి ఎవరు దేనికి కాలుస్తున్నారో ఇంట్లో కూర్చుని ఊహించుకోవడమే. ఓటు విషయం చెప్పాలంటే, విదేశం నుంచి మీ పాత టెక్సాస్ కౌంటీకే వేయొచ్చు, కానీ ప్రతి ఏడాదీ జనవరిలో పోస్ట్‌కార్డ్ దరఖాస్తు కొత్తగా పంపుకోవడం మంచిది.

రైల్లో ఆఫీసుకు వెళ్లేవారైతే ఓ పావుగంట ముందు బయలుదేరండి. రాలిన ఆకులు పట్టాల మీద చక్రాల కింద నలిగి జారుడు పొరలా తయారవుతాయి, బండ్లు నెమ్మదిగా నడుస్తాయి. అందరూ దీని మీద జోకులేస్తారు కానీ కారణం నిజమే.

ఇప్పుడు బోరు కొట్టే ముఖ్యమైన సంగతి, ట్యాక్స్. అమెరికా పౌరులు ప్రపంచంలో ఎక్కడున్నా అమెరికాకి రిటర్న్ వేయాల్సిందే. విదేశంలో ఉంటే ఏప్రిల్ గడువు జూన్ 15 వరకు దానంతట అదే పెరుగుతుంది, ఎక్స్‌టెన్షన్ అడిగితే అక్టోబరు 15. ఇండియాలోని మన ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ బ్యాంకు ఖాతాలకు ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికాకి చెప్పే ఫారం) వేయడం మీకు అలవాటే అయ్యుంటుంది, ఇప్పుడు ఇంగ్లాండ్ బ్యాంకు ఖాతాలు కూడా అందులో కలపాలి, అన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా పదివేల డాలర్లు దాటితే. ఆఫీసులో కొలీగ్స్ అందరూ ఐసా (ఇక్కడి పన్ను లేని పొదుపు ఖాతా) తెరువు, ట్యాక్స్ ఉండదు అని చెప్తారు. వాళ్లకు ఉండదు. అమెరికా దాన్ని గుర్తించదు, అందులో ఇక్కడి ఫండ్లు కొంటే లెక్కలు మరీ గజిబిజి అవుతాయి. రెండు దేశాల పన్నులూ తెలిసిన మనిషిని అడగకుండా ఒక్క ఫండు కూడా కొనొద్దు.

డ్రైవింగ్ లైసెన్స్ కూడా అంతే, ఎడమ పక్క నడపడం మనకు కొత్త కాకపోయినా టెక్సాస్ లైసెన్స్ ఇక్కడ పన్నెండు నెలలే చెల్లుతుంది, దాన్ని ఇక్కడి లైసెన్స్‌గా మార్చి ఇవ్వరు, థియరీ, ప్రాక్టికల్ రెండూ మళ్లీ రాయాల్సిందే. ప్రాక్టికల్ టెస్టుకి స్లాట్ దొరకడానికి నెలలు పడుతుంది, కాబట్టి వచ్చిన వెంటనే ప్రొవిజనల్‌కి (లెర్నర్ లైసెన్స్) అప్లై చేయండి. ఆటోమేటిక్‌లో టెస్టు పాసైతే ఆటోమేటిక్ కార్లే నడపాలి, మాకు అదే సుఖంగా ఉంది.

సామాను సర్దేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. అమెరికాలో కొన్న 120 వోల్టుల మిక్సీ, రైస్ కుక్కర్, ఇన్‌స్టంట్ పాట్ అక్కడే ఎవరికైనా ఇచ్చేయండి, ఇక్కడ 230 వోల్టులు, కాలిపోతాయి. ఇండియాలో అత్తమ్మ వాళ్లింట్లో అటక మీద పడున్న పాత మిక్సీ, గ్రైండర్ ఉంటే అవే తెప్పించుకోండి, ప్లగ్ మారిస్తే చాలు, నేరుగా పనిచేస్తాయి.