మోకాళ్ళ నొప్పులున్నా నడవగలిగే పాత రైలు దారి - పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, జూన్‌లో మేమిద్దరం వెళ్తున్నాం. అక్కడికి దగ్గర్లో మాన్సాల్ ట్రైల్ అని పాత రైలు కట్ట మీద నడక దారి ఉందట, తీసుకెళ్తానంటున్నాడు. నాకు మోకాళ్ళ నొప్పులు, మా వారికి షుగరు, కోడలి చేతిలో ఏడాది పిల్ల. అదంతా కొండల ప్రాంతం అంటున్నారు, మావల్ల అవుతుందా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: భేషుగ్గా అవుతుందమ్మా, అసలు మీలాంటి వాళ్ళ కోసమే ఉన్నట్టుంటుంది ఆ దారి. ఆ దారి ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ కొండల ప్రాంతమే, అందులో అనుమానం లేదు, కానీ మీరు నడిచేది కొండ మీద కాదు, రైలు నడిచిన కట్ట మీద. రైలు చక్రం ఇనుమే, కింద పట్టా ఇనుమే, ఏటవాలు ఎక్కువైతే చక్రం జారిపోతుంది, అందుకని వంద మీటర్లు ముందుకెళ్తే ఓ మీటరు ఎక్కేంత వాలు మాత్రమే పెట్టి, కొండ అడ్డొస్తే తొలిచేసి, లోయ అడ్డొస్తే వంతెన కట్టేసి లైను లాగారు ఆ రోజుల్లో. ఆ కష్టమంతా 160 ఏళ్ళ కిందట కూలీలు పడ్డారు కాబట్టి ఇవాళ మీ మోకాళ్ళకి శ్రమ లేదు. నేల కూడా గట్టిగా చదును చేసిన కంకర, స్ట్రోలర్ హాయిగా దొర్లుతుంది, వీల్‌చైర్లలో వచ్చేవాళ్ళూ ఉంటారు.

మొత్తం దారి ఎనిమిదిన్నర మైళ్ళు, అంటే 14 కిలోమీటర్లకి కాస్త తక్కువ. అంతా నడవాలని ఎవరూ పట్టుబట్టకండి. నా సలహా ఏంటంటే హాసప్ స్టేషన్ దగ్గర కారు పెట్టుకోండి, అక్కడ పాత స్టేషన్ బిల్డింగ్‌లోనే కేఫ్ ఉంది, టాయిలెట్లు ఉన్నాయి, సైకిళ్ళు అద్దెకిస్తారు. అక్కణ్ణించి పడమరగా గ్రేట్ లాంగ్‌స్టోన్ మీదుగా నడిస్తే హెడ్‌స్టోన్ టనెల్ వస్తుంది, దాదాపు అర కిలోమీటరు పొడవు, దాంట్లోంచి బయటపడగానే ఒక్కసారిగా ఐదు కమాన్ల రాతి వంతెన మీద ఉంటారు, కింద వై నది, చుట్టూ పచ్చటి లోయ. అక్కడిదాకా వెళ్ళి కాసేపు కూర్చుని వెనక్కొచ్చేసినా ఆ రోజుకి చాలు, మీరు చూడాల్సింది చూసేసినట్టే.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. ఆ వంతెనని పైనుంచి చూసే చోటు మాన్సాల్ హెడ్, ఫోటోలన్నీ అక్కడివే, మీ అబ్బాయి కూడా కారు అక్కడే ఆపుదాం అనొచ్చు. పైనుంచి చూడండి, ఫోటోలు తీసుకోండి, కానీ అక్కణ్ణించి ట్రైల్ మీదకి దిగే కాలిబాట బాగా నిటారు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దిగొద్దు, ఎక్కడం ఇంకా కష్టం. అలాగే దారికి పడమటి చివర, బక్స్‌టన్ అనే ఊరి వైపు ఉండే చీ డేల్ బాట కూడా మీకు వద్దు, అక్కడ నది అంచున రాళ్ళ మీద నడవాలి.

టనెల్‌లో పగలంతా లైట్లు ఉంటాయి, భయం లేదు, కానీ ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉంటుంది, అక్కడక్కడా నీళ్ళు కారుతుంటాయి, పిల్లకి టోపీ, మీకు స్వెట్టర్ ఉండాల్సిందే. సైకిళ్ళు కూడా అదే దారిలో వస్తాయి కాబట్టి నలుగురూ అడ్డంగా పరుచుకుని నడవకండి. షుగరు పడిపోతే నోట్లో వేసుకోడానికి మీ వారి జేబులో ఏదైనా తీపి పెట్టండి, మధ్యలో కొట్లు దగ్గర దగ్గరగా ఉండవు, ఫోన్ సిగ్నల్ కూడా లోయలో సరిగ్గా రాదు. పులిహోర కట్టుకెళ్తే వంతెన దగ్గర తినొచ్చు. ఇంకోటి, పాత గైడ్ పుస్తకాల్లో టనెల్స్ మూసేశారు, కొండెక్కి చుట్టూ తిరిగి వెళ్ళాలి అని కనిపిస్తుంది, అది నిజమే కానీ 2011 ముందు సంగతి, ఆ ఏడాది మే నెలలో నాలుగు టనెల్స్ తెరిచేశారు.

ప్రశ్న: మేము నాటింగ్‌హామ్‌లో ఉంటాం, పోయిన నెల ఈ ట్రైల్ మీద నడిచాం. ఇన్ని సొరంగాలు తవ్వి ఇంత పెద్ద వంతెనలు కట్టి మళ్ళీ రైలు ఎందుకు ఆపేశారు అని మా బాబు ఒకటే అడుగుతున్నాడు. మీరు చెప్పండి.
- ఒక పాఠకుడు, నాటింగ్‌హామ్

జవాబు: మీవాడు అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. ఈ లైను వేసింది మిడ్‌ల్యాండ్ రైల్వే అనే ప్రైవేటు కంపెనీ, వాళ్ళకి ఎలాగైనా మాంచెస్టర్ చేరాలి, అక్కడ నూలు వ్యాపారం, సరుకు, డబ్బు అన్నీ ఉన్నాయి. 1863లో బక్స్‌టన్ దాకా వచ్చింది, తర్వాత మాంచెస్టర్‌కి కలిసింది, లండన్ సెయింట్ పాంక్రస్ నుంచి మాంచెస్టర్ వెళ్ళే బళ్ళు ఈ లోయలోంచే పోయేవి. అయితే మాంచెస్టర్‌కి లండన్ యూస్టన్ నుంచి వేరే కంపెనీ లైను ఎప్పట్నించో ఉంది. రైల్వేలు ప్రభుత్వం చేతికొచ్చాక 1963లో రైల్వే బోర్డు ఛైర్మన్ బీచింగ్ ఇచ్చిన రిపోర్టు వచ్చి నష్టాల లైన్లు, ఒకే ఊరికి రెండేసి ఉన్న లైన్లు తీసెయ్యమంది, 1966లో యూస్టన్ లైనుకి కరెంటు బళ్ళు వచ్చేశాయి, ఇంక ఇది అదనం అనుకుని 1968లో మూసేశారు. డెర్బీ నుంచి మాంచెస్టర్‌కి సూటిగా ఉన్న దారి అలా తెగిపోయింది, మళ్ళీ పట్టాలు వెయ్యాలని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నా మట్టుకు నాకు రైలంటే ప్రాణం, అయినా ఇంతమంది నడిచే దారిని పోగొట్టుకునేలా అయితే మాత్రం వద్దనే అంటాను.

బాబుకి ఇంకో సంగతి చెప్పండి. మాన్సాల్ హెడ్ కింద ఉన్న ఆ ఐదు కమాన్ల వంతెన కట్టాక జాన్ రస్కిన్ అనే పెద్ద రచయిత మండిపడ్డాడు, దేవతలు తిరిగేంత అందమైన లోయని పాడుచేశారు, ఎందుకయ్యా అంటే బక్స్‌టన్‌లో ఉన్న ప్రతి మూర్ఖుడూ అరగంటలో ఇవతలి ఊరు బేక్‌వెల్ పోవడానికి, బేక్‌వెల్ మూర్ఖుడు బక్స్‌టన్ రావడానికి అని తిట్టిపోశాడు. ఆ వంతెననే 1970లో కాపాడాల్సిన కట్టడాల జాబితాలో చేర్చారు. రస్కిన్ కోపంలో న్యాయం లేదని నేననను, కొండని మందుగుండుతో పేల్చే రోజుల్లో ఆ లోయ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. కానీ రాయి నల్లబడి, చుట్టూ చెట్లు ఎదిగి, ఇప్పుడా వంతెన లేకుండా ఆ లోయని ఎవరూ తల్చుకోలేరు.

ఈసారి వెళ్తే ట్రైల్ మధ్యలో మిల్లర్స్ డేల్ పాత స్టేషన్ దగ్గర ఆగండి, స్టేషన్ బిల్డింగ్‌లో కేఫ్ ఉంది, గూడ్స్ షెడ్‌ని కూడా చూడ్డానికొచ్చేవాళ్ళ కోసం బాగుచేశారు. అక్కడ రెండు పెద్ద వంతెనలు పక్కపక్కనే ఉంటాయి, ఒకటి 1863 నాటిది, రద్దీ పెరిగిపోయి ఇంకోటి 1905లో కట్టారు. కొంచెం పక్కకెళ్తే కోటగోడల్లాంటి సున్నపు బట్టీలు, 1944 దాకా పనిచేశాయి. లిటన్ మిల్లు కూడా బాబుకి చూపించండి, ఇప్పుడు అపార్టుమెంట్లు గానీ రైలు రాకముందు అది నూలు మిల్లు, లండన్ అనాథ పిల్లల్ని తెచ్చి అక్కడ పనికి పెట్టేవాళ్ళు. రాబర్ట్ బ్లింకో అనే అబ్బాయి అక్కడ పడ్డ దెబ్బలు, ఆకలి పెద్దయ్యాక చెప్పుకుంటే 1832లో పుస్తకంగా అచ్చయ్యింది. మీ బాబు వయసు పిల్లలే వాళ్ళు. నది అందం చూసి ఈ సంగతి తెలియకుండా దాటిపోవడం నాకు ఇష్టముండదు.

ప్రశ్న: అరకు లైన్లో కూడా బోలెడు సొరంగాలున్నాయి కదా, మేం ఫ్రెండ్స్ అందరం బొర్రా గుహల నుంచి పట్టాల వెంట నడుద్దామనుకుంటున్నాం, ఎలా ఉంటుంది?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వద్దు తమ్ముడూ, దయచేసి వద్దు. పైన చెప్పింది రైళ్ళు ఆగిపోయి, పట్టాలు తీసేసిన దారి గురించి. మీరు చెప్పే కొత్తవలస - కిరండూల్ లైను బతికున్న లైను, బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ పోర్టుకి తేవడానికి 1960ల్లో వేశారు, ఇప్పటికీ ఖనిజం బళ్ళు రాత్రీ పగలూ నడుస్తాయి, వాటికి మీ దగ్గర టైమ్‌టేబుల్ ఉండదు, సొరంగం మధ్యలో ఉండగా బండొస్తే తప్పుకోడానికి చోటు దొరక్కపోవచ్చు. పైగా రైల్వే చట్టం 1989, సెక్షన్ 147 ప్రకారం అనుమతి లేకుండా పట్టాల మీద తిరగడం నేరం, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ఆ ఘాట్ చూడాలంటే విశాఖలో విస్టాడోమ్ పెట్టెలో టికెట్ తీసుకోండి, పెద్ద పెద్ద అద్దాల్లోంచి లోయ మొత్తం కనిపిస్తుంది, నడవాలనుంటే బొర్రాలో దిగి గుహలు తిరగండి.

ప్రశ్న: బేక్‌వెల్‌లో పుడ్డింగ్ తినమంటున్నారు అందరూ, మేం పూర్తి శాకాహారులం, తినొచ్చా?
- ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: బేక్‌వెల్ పుడ్డింగ్‌లో గుడ్డు ఉంటుందండి, బాదం, వెన్న, జామ్‌తో పాటు. గుడ్డు తినకపోతే కొట్లో అడిగి వేరేదేదైనా తీసుకోండి. సోమవారం అయితే ఊళ్ళో సంత ఉంటుంది, పండ్లు అక్కడ కొనుక్కుని ట్రైల్ మీదకి పట్టుకెళ్ళొచ్చు.