ఆర్ట్స్ పిల్లలకు బిజినెస్ ప్లాన్ సంగతి తర్వాత, ముందు రేటు కట్టడం నేర్పండి

మేడమ్, విజువల్ కమ్యూనికేషన్, ఫ్యాషన్ డిజైన్ చదివే పిల్లలకు ఆంత్రప్రెన్యూర్‌షిప్ పేపర్ చెప్పమన్నారనీ, బిజినెస్ ప్లాన్ అనగానే క్లాసంతా ఫోన్లలోకి పోతోందనీ రాశారు. నేను హనుమకొండలో పెళ్లి ఫొటోలు, ఆల్బమ్ డిజైనింగ్ చేస్తాను. కొన్నేళ్లుగా ఇక్కడి కాలేజీల్లో గెస్ట్ క్లాసులు కూడా చెబుతున్నాను. ఈ పిల్లలకు వ్యాపారమంటే ఇష్టం లేక కాదు. తమ పనికి రేటు చెప్పాలంటే గొంతు పెగలదు. అక్కడి నుంచే మొదలుపెట్టండి.

మొదటి రోజు పుస్తకం తీయకండి. "ఫ్రెండు వాళ్ల అక్క ఎంగేజ్‌మెంటుకు ఫొటోలు, ఆల్బమ్ చేసివ్వాలి, ఎంత తీసుకుంటావు?" అని అడగండి. ఎవరో ఒకరు ఎనిమిది వేలంటారు. బోర్డు మీద లెక్క రాయించండి. లెన్స్ కిరాయి 1500, వెంట వచ్చిన పిల్లగాడికి 1000, పెట్రోలు 300, నెట్, కరెంటు 200. మిగిలింది 5000. ఇప్పుడు గంటలు రాయించండి. షూట్‌కు 10, ఫొటోలు ఏరి కలర్ కరెక్షన్ చేయడానికి 24, ఆల్బమ్‌లో మార్పులకు 6. మొత్తం 40 గంటలకు 5000 అంటే గంటకు 125. గిరాకీ మళ్లీ మళ్లీ మార్పులు అడిగి ఇంకో 10 గంటలు పట్టిందా, గంటకు 100కు దిగుతుంది. కెమెరా అరుగుదల ఇంకా కలపనే లేదు. ఈ లెక్క తమ చేత్తో వేశాక క్లాసులో ఎవరూ ఫోన్ చూడరు. "ఎన్నిసార్లు మార్పులు చేసిస్తామో ముందే చెప్పాలి కదా సార్" అని వాళ్లే అంటారు. ఆ మాట వాళ్ల నోటి నుంచే రావాలి.

రేటు కట్టడం వచ్చాక అడగడం నేర్పాలి. మన దగ్గర సగం పనులు చుట్టాల ద్వారానే వస్తాయి. "మనోళ్లే గదా, తర్వాత చూసుకుందాం" అనే మాటకు జవాబు చెప్పడం ఏ సిలబస్‌లోనూ లేదు. క్లాసులో ఒకరిని పెద్దనాన్నను చేసి, ఇంకొకరితో బయానా అడిగించండి. మొదట నవ్వులాటగా ఉంటుంది. రెండు మూడు సార్లు చేసేసరికి "సగం ముందు ఇస్తే డేట్ రాసుకుంటాను పెద్దనాన్నా" అని మర్యాదగా, గట్టిగా చెప్పడం వస్తుంది. ఉద్దెర పనులతో విసిగి కెమెరాలు అమ్ముకున్న మంచి ఫొటోగ్రాఫర్లను నేను చూశాను. అందుకే ఈ క్లాసు నాకు అన్నిటికంటే ముఖ్యం.

కాగితం సంగతి కూడా చెప్పండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. తమ ఫొటో తమదే అనుకునే పిల్లలకు ఇది షాక్. హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కిస్తుంది. ఒక పేజీ ఒప్పందం తెలుగులో వాళ్లతోనే రాయించండి.

క్యాష్ ఫ్లో, అంటే డబ్బు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో, చెప్పడానికి ఎక్సెల్ కంటే పంచాంగం మేలు. క్లాసుకు ఒక పంచాంగం తెచ్చి, ముహూర్తాలున్న రోజులకు రంగు వేయించండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం రోజులు తెల్లగా మిగిలిపోతాయి. కెమెరా ఈఎంఐ మాత్రం ఆ నెలల్లోనూ కట్టాల్సిందే. అప్పుడు ఏ పని వెతుక్కోవాలో వాళ్లనే ఆలోచించనివ్వండి. భాద్రపదంలో పెళ్లిళ్లు లేకున్నా వినాయక చవితి ఫ్లెక్సీలుంటాయని డిజైన్ పిల్లలే ముందు కనిపెడతారు.

కాలేజీ బయటికీ తీసుకెళ్లండి. వరంగల్ కొత్తవాడలో షత్రంజీలు (డర్రీలు) నేసేవాళ్ల దగ్గర కూర్చోబెట్టి, నేసినందుకు కూలి ఎంత, షాపులో ధర ఎంత, మధ్యలో ఎవరెవరున్నారో అడిగించండి. ఈ వరంగల్ డర్రీలకు 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చట్టం ఇచ్చే గుర్తింపు) వచ్చింది. అది మగ్గం మీదున్నవాళ్ల చేతికి ఎంత చేరుతోందో అక్కడే కనుక్కోవాలి. వీలైతే పటాల బొమ్మలకు పేరున్న చేర్యాలకూ వెళ్లండి. కులపురాణాలు చెప్పే కథకుల కోసం మూరల కొద్దీ పటాలు గీసిన చేతులే, ఆ గిరాకీ తగ్గాక గోడకు పట్టే చిన్న బొమ్మలు, మాస్కులు చేశాయి. చింతగింజల జిగురు, ఎర్రటి నేపథ్యం అలాగే ఉన్నాయి. మారింది సైజూ, కొనేవాళ్లూ. మార్కెట్‌కు తగ్గట్టు మారితే కళ చెడిపోతుందని భయపడే పిల్లలు మీ క్లాసులో తప్పకుండా ఉంటారు. నేను ఎంత చెప్పినా పోని ఆ భయం, ఆ పటాలూ మాస్కులూ పక్కపక్కన చూస్తే చాలావరకు పోయింది.

రిజిస్ట్రేషన్ల మీద ఎక్కువ టైం పెట్టకండి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఏజెంటుకు డబ్బులివ్వనక్కర్లేదు. సర్వీసు పనులకు ఏడాది ఆదాయం 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇవి ఒక్క గంటలో అయిపోతాయి.

ఇంటర్నల్ మార్కులు మీ చేతిలో ఉంటే ప్రాజెక్టు రిపోర్టు అడగకండి. చుట్టం కాని మనిషికి ఒక పని చేసి, డబ్బు తీసుకుని, ఆ బిల్లు తెమ్మనండి. పక్కనే ఖర్చుల లెక్క, గంటల లెక్క ఉండాలి. నష్టం వచ్చినా లెక్క నిజమైతే పూర్తి మార్కులు వేయండి.