సమావేశంలో ఆ నలుగురు ఎందుకు మాట్లాడరు?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మీ జట్టులో పదకొండు మంది ఉన్నారని, ఏడుగురు తెలుగువారని, మిగతా నలుగురూ సమావేశాల్లో నోరు విప్పరని, లోపాలేమో కస్టమరుకు చేరాకే బయటపడుతున్నాయని రాశారు. వాళ్లకు చొరవ లేదన్న మీ మాటతో మాత్రం నేను ఏకీభవించలేనండి.

బెంగళూరులోనే నా జట్టులోనూ ఇలాగే జరిగింది. హుబ్బళ్లి అమ్మాయి ఒకరు ఒక లోపాన్ని మూడు వారాల ముందే, తేదీతో సహా తన నోటుపుస్తకంలో రాసుకుంది. ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరంతా తెలుగులో మాట్లాడుకుంటుంటే ఆ సంగతి అప్పటికే తేలిపోయిందనుకున్నాను సార్" అంది. ఆ పేజీ చూసి మనసు చివుక్కుమంది. తప్పు నాదే.

గూగుల్ 2012లో మొదలుపెట్టి సుమారు 180 జట్లను పరిశీలించింది. జట్టులో ఎవరున్నారన్నదానికంటే ఎలా కలిసి పనిచేస్తున్నారన్నదే ముఖ్యమని తేలింది. అన్నిటికంటే ముందు నిలిచింది, ఏం చెప్పినా చిన్నబుచ్చరన్న నమ్మకం.

కాబట్టి సమావేశంలో అందరికీ వచ్చిన భాషే వాడండి. టీ దగ్గర తెలుగు మాట్లాడుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అక్కడ అనుకున్న నిర్ణయాన్ని అదే రోజు అందరికీ రాసి పంపండి, అసలు గండి పడేది అక్కడే. సమావేశానికి ముందురోజే ఒక్కొక్కరి సందేహాలూ రాయించుకోండి, మీరు చివర మాట్లాడండి. లోపం చెప్పినవారి మీద ఒక్కసారి విసుక్కున్నా మళ్లీ మొదటికే వస్తుంది. ఓపిక పట్టండి. ఆ అమ్మాయి నలుగురిలో "ఇది సరిగా లేదు" అనడానికి రెండు నెలలు పట్టింది.