దొరల వీలునామాలు ఎక్కడ వెతకాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మమ్మవాళ్ల ముత్తాత ఇంగ్లీషాయన అనీ, మాధవాయిపాలెంలో బట్టల వ్యాపారం చేస్తూ 1830ల్లో పోయారనీ ఇంట్లో చెప్పుకుంటారు. వీలునామా కోసం రాజమండ్రి కోర్టులో వెతికిస్తే ఏమీ లేదన్నారు. ఇంకేమైనా దారి ఉందా? – ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: ఉందండీ. మీరు వెతికిన చోటు వేరు, కాగితం ఉండే చోటు వేరు. ఆ రోజుల్లో గోదావరి డెల్టాలో పోయిన ఇంగ్లీషువాళ్ల వీలునామాలకు ప్రొబేట్ (వీలునామా చెల్లుతుందని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) మద్రాసులో ఇచ్చేవారు. 1726 చార్టర్ తర్వాత మేయర్స్ కోర్టు, 1798 నుంచి రికార్డర్స్ కోర్టు, 1801 నుంచి సుప్రీంకోర్టు, 1862 నుంచి హైకోర్టు ఆ పని చూశాయి. జిల్లా జడ్జీలకు ప్రొబేట్ అధికారం వచ్చింది 1865 వారసత్వ చట్టంతో. మీ ముత్తాతగారి కాలానికి అది లేదు.

మద్రాసులో నమోదైన వీలునామాల నకళ్లు లండన్ వెళ్లేవి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. వీలునామాల వరుస ‘ఎల్/ఏజీ/34/29’, ఆస్తి జాబితాలు, లెక్కల వరుస ‘ఎల్/ఏజీ/34/27’. ఈ రెండు నంబర్లూ రాసిపెట్టుకోండి. ముందు ఫిబిస్ అనే, బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర వెతికే సంఘంవారి ఉచిత సూచికలో ఇంటిపేరు కొట్టి చూడండి. అసలు పేజీల ఫొటోలు చాలావరకు ఫైండ్‌మైపాస్ట్ అనే వంశచరిత్ర వెబ్‌సైట్‌లో చందా కడితే దొరుకుతాయి.

వీలునామాకన్నా ముందు చావు తేదీ పట్టుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్టిజం, పెళ్లి, ఖననం నకళ్లు ‘ఎన్/2’ వరుసలో ఉంటాయి. తేదీ దొరికాక అక్కడినుంచి ముందుకు నాలుగైదేళ్లు చూడండి. వీలునామాల పుస్తకాలు మనిషి పోయిన ఏడాదిని బట్టి కాదు, కోర్టు మంజూరు చేసిన ఏడాదిని బట్టి కట్టారు. చాలామంది ఆ మనిషి పోయిన సంవత్సరం ఒక్కటే చూసి, లేదనుకుని వదిలేస్తారు.

ఊరి పేర్ల దగ్గర ఓపిక పట్టండి. మాధవాయిపాలెం ‘మాడపోలం’గా, ఇంజరం ‘ఇంజెరం’గా, కాకినాడ ‘కొకనాడ’గా, పాలకొల్లు ‘పాల్కోల్’గా కనిపిస్తాయి. పైగా ‘మాడపోలం’ అక్కడ నేసిన బట్టకూ పేరైపోయింది. సరుకుల జాబితాలో ఆ మాట వస్తే అది ఊరో బట్టో చూసుకుని మరీ రాసుకోండి.

వీలునామా లేకపోయినా నిరాశపడొద్దు. అప్పుడు కోర్టు లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (పోయినవారి ఆస్తి చక్కబెట్టే అధికార పత్రం) ఇచ్చేది. సూచికలో పేరు పక్కన ‘అడ్మాన్’ అని పొట్టిగా ఉంటే అదే. అది తీసుకున్నవాడు చుట్టమే కానక్కర్లేదు, అప్పిచ్చినవాడూ కావచ్చు. అందుకని ఆ పేరును వంశవృక్షంలో తొందరపడి ఎక్కించకండి.

మా దృష్టిలో వీలునామాకన్నా విలువైంది ఆ తర్వాతి లెక్కల కాగితం. పోయినాయన మంచం, గడియారం, పడవ, పుస్తకాలు వేలం వేస్తే, ఏ వస్తువు ఎవరు ఎంతకు కొన్నారో వరసగా రాసేవారు. ఆ కొన్నవాళ్లే ఇరుగుపొరుగు, భాగస్వాములు, ఒక్కోసారి అల్లుళ్లు. పాత లెక్కలు వరహాల్లో ఉంటాయి. వరహాకు 42 ఫణాలు, ఫణానికి 80 కాసులు. 1818లో మద్రాసులో రూపాయి ప్రమాణమయ్యాక వరహాను మూడున్నర రూపాయలకు కట్టారు.

ఇక మీ ఇంటి అసలు సంగతి బహుశా ఒక్క వాక్యంలో ఉంటుంది. తెలుగు తల్లుల పిల్లల్ని ఈ వీలునామాల్లో తరచు ‘నేచురల్ డాటర్’, ‘రెప్యూటెడ్ సన్’ అని రాశారు. పెళ్లి కాకుండా పుట్టినవాళ్లని అర్థం. (మరీ పాత ఇంగ్లీషులో ‘నేచురల్’ అంటే కన్నబిడ్డ అని కూడా, ‘రెప్యూటెడ్’ ఉంటే అనుమానం అక్కర్లేదు.) తల్లి పేరు చాలాచోట్ల ఉండదు. ‘నా పిల్లల తల్లికి నెలకు ఇంత’ అని మాత్రమే ఉంటుంది. ఆ సొమ్ము ఎవరి చేతికి ఇచ్చారో లెక్కల్లో చూడండి. పేరు వంకరటింకర ఇంగ్లీషులోనైనా అక్కడ పడే అవకాశం ఉంది. ఆ పేరు కోసమే ఇంత శ్రమా పడాలి.

ప్రశ్న: మా పూర్వీకులు యానాం ఫ్రెంచివారు. ప్రొబేట్ ఎక్కడ ఉంటుంది? – ఒక పాఠకుడు, యానాం

జవాబు: ఫ్రెంచి పద్ధతిలో ప్రొబేట్ అనేదే లేదు. వీలునామా నోటరీ దగ్గర ఉండేది. 1776 రాజశాసనం ప్రకారం వలసల రిజిస్టర్ల, నోటరీ పత్రాల నకళ్లు ఫ్రాన్సుకు పంపాలి. అవి ఎక్సాం ప్రొవాన్సులోని ఓవర్సీస్ ఆర్కైవ్స్‌కు చేరాయి. యానాం జనన, వివాహ, మరణ రిజిస్టర్లు వారి వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఆడవాళ్లను పుట్టింటి పేరుతోనే రాశారు కాబట్టి తల్లివైపు వెతకడం ఇంగ్లీషు రికార్డులకన్నా సులువు.

ప్రశ్న: పాలకొల్లు డచ్చి కాగితంలో ఒక తేదీ, మాధవాయిపాలెం ఇంగ్లీషు కాగితంలో అదే సంఘటనకు వేరే తేదీ. ఏది తప్పు? – ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: రెండూ ఒప్పే. 1752 దాకా ఇంగ్లీషువారిది పాత క్యాలెండర్, డచ్చి కంపెనీది కొత్తది. 1700 తర్వాత తేడా 11 రోజులు, అంతకుముందు 10. పైగా ఇంగ్లీషువారి ఏడాది అప్పట్లో మార్చి 25న మొదలయ్యేది. ఫిబ్రవరి 1739 అని ఉంటే మన లెక్కలో అది 1740. డచ్చివాళ్లలో భార్యాభర్తలు కలిసి ఒకే వీలునామా రాసుకోవడం మామూలు కాబట్టి భార్య పేరుతోనూ వెతకండి. డచ్చి కంపెనీ కాగితాలు హేగ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ప్రశ్న: మా తాతగారు కొన్న స్థలం 1900 ప్రాంతంలో ఒక దొర కుటుంబానిది. వాళ్ల వీలునామా నకలు మాకు ఇస్తారా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరై ఉంటే ఇస్తారు. స్థలాల దస్తావేజులు ఒకటో నంబరు పుస్తకంలో, వీలునామాలు మూడో నంబరు పుస్తకంలో ఉంటాయి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, రాసిన మనిషి బతికుండగా మూడో పుస్తకం నకలు ఆయనకో ఆయన ఏజెంటుకో తప్ప ఇవ్వరు. పోయాక ఎవరు అడిగినా ఇవ్వాలి. దరఖాస్తుతో మరణం రుజువు పెట్టండి, సమాధి రాయి ఫొటో ఉంటే అదీ జతచేయండి. రిజిస్టర్ కానిదైతే మీ లింకు డాక్యుమెంట్లలో అమ్మినవారి పేరు వెనక ‘ఎగ్జిక్యూటర్’ (వీలునామాను అమలు చేసే మనిషి) అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే ప్రొబేట్ నంబరు, కోర్టు పేరు అక్కడే రాసి ఉండొచ్చు. ఆ నంబరుతో కోర్టులో కాపీ దరఖాస్తు పెట్టుకోండి.