ఒక్కడే కొడుకు ‘మా నాన్న’ అనవచ్చా?

ప్రశ్న: బ్యాంకులో ఉద్యోగం చేస్తాను. భాషాశాస్త్రం చదువుకోలేదు గానీ, భాషల గురించి ఎవరేం రాసినా సరదాగా చదువుతుంటాను. ‘మేము’లో ఎదుటివాళ్లు ఉండరు, ‘మనము’లో ఉంటారు అని ఈమధ్య చదివాను. మా నాన్నకు నేనొక్కడినే సంతానం. మరి నేను ‘మా నాన్న’ అనడం తప్పా? మా అబ్బాయి ‘నా డాడీ’ అంటాడు, వాడిదే ఒప్పా? (ఒక పాఠకుడు, వరంగల్)

సమాధానం: మీరనేది తప్పు కాదు, అదే అసలైన తెలుగు. మీరు చదివిన సూత్రం కూడా సరైనదే. ఈ తేడా తెలుగుతో పాటు తమిళంలో (నాంగళ్, నామ్), మలయాళంలో (ఞంగళ్, నమ్మళ్) ఉంది. ఇప్పటి కన్నడంలో మాత్రం రెండింటికీ ‘నావు’ ఒక్కటే. మరాఠీ, గుజరాతీల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది, అది ద్రావిడ భాషల సావాసం వల్ల వచ్చిందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం.

ఇక ‘మా నాన్న’ సంగతి. అమ్మ, నాన్న, ఇల్లు, ఊరు వీటిని మనం ఒంటరి మనిషి సొత్తుగా చెప్పుకోం. ఒక్కడే ఉంటున్నవాడు కూడా ‘మా ఇంటికి రండి’ అనే పిలుస్తాడు, ‘నా ఇల్లు’ అన్నాడంటే అక్కడ ఆస్తి మాటో, లోను మాటో వచ్చి ఉండాలి. తమిళులు ‘ఎంగ అప్పా’ అంటారు, కన్నడిగులు ‘నమ్మప్ప’ అంటారు, వాళ్లూ ఒక్కడే కొడుకైనా అంతే. అయితే ఇది కుటుంబం తరఫున మాట్లాడడం అని సరిపెట్టేయకండి, ఎందుకంటే ఒకే ఇంట్లో ఉన్న భార్యతో కూడా భర్త ‘మా అమ్మ’ అనే అంటాడు, అదే భార్యతో కొడుకు గురించి మాట్లాడేటప్పుడు ‘మనవాడు’ అంటాడు, ఆ కొడుకు గురించే పక్కింటాయనతో అయితే ‘మావాడు’ అంటాడు. అంటే గీత గీస్తున్నది ఇంటి గోడ కాదు, వినేవాళ్లకు ఆ మనిషితో ఉన్న చుట్టరికం. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది, ఈ లెక్క ఎవరూ నేర్పకుండానే మూడు నాలుగేళ్ల పిల్లలకు వచ్చేయడం.

మరి ‘నా’ ఎక్కడ వస్తుందంటే, వస్తువుల దగ్గర (నా పెన్ను, నా ఫోను), గట్టిగా హక్కు చెప్పుకునేటప్పుడు (నా కొడుకుని కొట్టడానికి నువ్వెవరు?), ముద్దు చేసేటప్పుడు (నా తల్లే, నా బంగారమే). మీ అబ్బాయి ‘నా డాడీ’ అన్నది తోటి పిల్లాడితో మిమ్మల్ని పంచుకోవడం ఇష్టంలేకనైతే చక్కని తెలుగే. ఊరికే ‘నా డాడీ బ్యాంకులో పనిచేస్తారు’ అంటే మాత్రం అది ఇంగ్లీషు పాఠం తెచ్చిన వాక్యం. తిట్టకండి, మీరు రోజూ ‘మా నాన్న’ అంటుంటే వాడి చెవికీ అదే పడుతుంది.

భాషాశాస్త్రం చదువుకోలేదని సంకోచించకండి. దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదని, అవన్నీ ఒకే కుటుంబమని 1816లోనే ఆధారాలతో చూపిన ఎల్లిస్ మద్రాసు కలెక్టరు. సవర అనే గిరిజన భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులు, సవరవాళ్ల దగ్గరే కూర్చుని ఆ భాష నేర్చుకున్నారు. మీరూ సరదాగానే చదవండి, కానీ ఏ సూత్రం కనబడినా ముందు మీ ఇంట్లో మాటల మీద పెట్టి చూడండి. ఇప్పుడు మీరు చేసింది అదే, అందుకే మీ ప్రశ్న చూసి చాలా సంతోషమేసింది.

ఇంకో రెండు వాక్యాలు ఇస్తున్నాను. ఒకతను తన గురించే చెప్పుకుంటూ ‘మనకంత సీను లేదు’ అంటాడు. టీచరు పిల్లాడితో ‘ఏంటి, ఇవాళ కూడా మనం హోంవర్కు చెయ్యలేదా?’ అంటుంది. మొదటి దాంట్లో ‘మనం’ అంటే నేను, రెండో దాంట్లో నువ్వు. మీరు చదివిన సూత్రం ఈ రెండింటికీ ఎంతవరకు పనికొస్తుందో చూసి, మీ వైపు వినబడే వాక్యాలతో కలిపి మళ్లీ రాయండి.