గుండె బాగానే ఉన్నా బీపీ, పొగ గురించి ఎందుకు అడుగుతారు?

శ్రీకాకుళంలో మోకాలినొప్పికి వెళ్లినా డాక్టరు ముందు బీపీ చూసి, చుట్ట అలవాటుందా అంటున్నారు, ఈ పద్ధతి ఎవరు తెచ్చారని అడిగారు. ఒక్కరి పేరే చెప్పాలంటే అమెరికన్ డాక్టరు విలియం కానెల్ పేరు చెబుతాను.

1948లో మసాచుసెట్స్‌లోని ఫ్రామింగ్‌హామ్ ఊళ్లో ఒక అధ్యయనం మొదలైంది. 5,209 మందిని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ, ఎవరికి గుండెజబ్బు వస్తుందో చూశారు. కానెల్ కన్నా ముందు దాన్ని నడిపించింది థామస్ డాబర్ అనే డాక్టరు. బీపీ, కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లకే ముప్పు ఎక్కువని 1961లో కానెల్ బృందం చూపించింది. 1966లో కానెల్ డైరెక్టరయ్యారు.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది బీపీలో పై అంకె సంగతి. అప్పట్లో డాక్టర్లు కింది అంకెకే విలువిచ్చేవారు. వయసుతో పాటు పై అంకె పెరగడం మామూలేననుకునేవారు. అది ప్రమాదమేనని కానెల్ పట్టువదలకుండా రుజువులు చూపించారు. "పెద్దవయసు కదా, ఆమాత్రం ఉంటుందిలే" అనే మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది!

పొగ విషయంలో ఫ్రామింగ్‌హామ్ చూసింది ముఖ్యంగా సిగరెట్లనే. మన పల్లెల్లో నిప్పు కొస నోట్లో పెట్టుకునే అడ్డపొగ అంటే అంగిలి క్యాన్సరే గుర్తొస్తుంది గానీ, పొగాకు ఏ రూపంలో కాల్చినా గుండెకీ చేటే. డాక్టరు అడిగినప్పుడు "మా అమ్మ సిగరెట్ తాగదండి" అని ఊరుకోకండి, అడ్డపొగ సంగతి కూడా చెప్పండి.